మిర్చి కల్లంలో ఉంటే మధ్యాహ్నం ఒకసారి నౌకాస్ట్ చూడండి

మిర్చి, పసుపు ఆరబెట్టుకున్నోళ్లకి ఒక మాట. మార్చిలో పొద్దున్నే ఆకాశం నీలంగా ఉంది కదా అని టార్పాలిన్ పట్టాలు ఇంట్లో పెట్టేయకండి, మధ్యాహ్నం దాకా ఎండ మండిపోయి దానికి బంగాళాఖాతం మీంచి వచ్చే తేమగాలి తోడైందంటే సాయంత్రానికి నిలువుగా మబ్బులు లేచి గాలివాన, వడగళ్లు దంచేస్తాయి. 2023 మార్చిలో వికారాబాద్ జిల్లా మర్పల్లి వైపు నేలంతా తెల్లగా అయిపోయింది, గుర్తుందిగా.

టీవీలో చెప్పే "అక్కడక్కడా వర్షాలు" మనకి సరిపోదు. హైదరాబాద్ వాతావరణ కేంద్రం జిల్లాల వారీగా నౌకాస్ట్, అంటే అప్పటికప్పుడు చెప్పే వాతావరణ సూచన, ఇస్తుంది, ఆంధ్రావాళ్లకి అమరావతి కేంద్రం ఇస్తుంది, అది వచ్చే మూడు గంటల కోసమే కాబట్టి పొద్దున చూసింది సాయంత్రానికి పనికిరాదు, మధ్యాహ్నం రెండు గంటలకి ఒకసారి, మళ్లీ నాలుగు గంటలకి ఒకసారి చూడాలి. అందులో హెచ్చరిక రంగు ఎల్లో అంటే గమనిస్తుండమని, ఆరెంజ్ అంటే రెడీగా ఉండమని. నేనైతే ఎల్లో వచ్చినా కాయ కుప్ప చేసి కప్పేస్తా, తడిసి రంగు పోయిన మిర్చికి రేటు రాదు మరి. పిడుగులకి దామిని యాప్ పెట్టుకోండి, అందులో అలర్ట్ వస్తే పట్టా కప్పడం కూడా ఆపేసి ముందు ఇంట్లోకి వెళ్లిపోండి, చెట్టు కిందకి మాత్రం పోవద్దు.