షెడ్డులో బండికి మార్పులు చేశాక వచ్చే తలనొప్పులు: ఏది కనిపిస్తే ఎక్కడ వెతకాలి

మా ఇంటి వెనక గేదెల కోసం వేసిన రేకుల షెడ్డు ఒకటుంది. గేదెలు పోయాయి, వాటి చోట నా పాత కార్బురేటర్ బుల్లెట్టూ, నాన్నగారి స్ప్లెండరూ చేరాయి. లైట్లు, హ్యాండిల్, సైలెన్సర్, ట్యాంకు పెయింటు... చెయ్యి పెట్టనిది లేదు, చెడగొట్టనిదీ దాదాపు లేదు. ఇన్నేళ్లలో అర్థమైంది ఒకటే. కొత్తగా పెట్టిన సామానే పాడై వచ్చిన సమస్యలు పదికి ఒకటో రెండో. మిగతావన్నీ దాన్ని బిగించే హడావుడిలో పక్కనున్న వైరునో, కేబులునో, కార్బురేటర్లో పెట్రోలు వచ్చే సన్న రంధ్రపు జెట్టునో పాతదే ఉంచేయడం వల్ల వచ్చినవి. కాబట్టి బండి మొరాయిస్తే ఏం మార్చారో కాదు, దాని పక్కన ఏం మార్చలేదో చూడండి.

కొన్ని వందల్లో దొరికే మల్టీమీటర్ ఒకటి కొనుక్కోండి. అది లేకుండా కరెంటు పని చేయడమంటే చీకట్లో సూదికి దారం ఎక్కించడమే.

ఫాగ్ లైట్లు వేశాక సెల్ఫ్ అందుకోవడం లేదు, హారన్ కొడితే లైట్లు మసకబారుతున్నాయి

ముందు లెక్క చూద్దాం. 20 వాట్ల ఎల్ఈడీలు రెండంటే 40 వాట్లు, 12 వోల్టుల మీద 3.3 ఆంపియర్లు. 55 వాట్ల హాలోజన్లు రెండు పెడితే 9 ఆంపియర్లు దాటుతుంది. 100 సీసీ బండి మాగ్నెట్ కాయిల్ ఇచ్చే మొత్తం పవరే వంద వాట్ల ప్రాంతంలో ఉంటుంది, అందులోంచే హెడ్‌లైటు, ప్లగ్గు, బ్యాటరీ ఛార్జింగ్ అన్నీ నడవాలి. స్ప్లెండర్‌కి హాలోజన్ ఫాగ్ లైట్లు పెట్టి బ్యాటరీ మంచిది కాదని తిట్టుకునేవాళ్లని చాలామందిని చూశాను. బ్యాటరీ ఏం చేస్తుంది పాపం.

బండి ఆపి గంటయ్యాక బ్యాటరీ మీద మీటర్ పెట్టండి. 12.6 వోల్టులు ఉంటే నిండుగా ఉన్నట్టు, 12.2 అంటే సగం. తర్వాత స్టార్ట్ చేసి, లైట్లన్నీ వేసి, కాస్త రేస్ ఇచ్చి మళ్లీ చూడండి. 13.8 నుంచి 14.5 మధ్య ఉంటే ఛార్జింగ్ బాగుంది. లైట్లు ఆర్పితే 14 చూపించి, వేస్తే 13 కిందికి పడుతుంటే ఖర్చు ఆదాయాన్ని మించిందన్నమాట, తక్కువ వాట్ల లైట్లకు దిగడం తప్ప దారి లేదు. లైట్లు ఆర్పినా 13 దాటకపోతే మాగ్నెట్ కాయిల్, ఆర్ఆర్ యూనిట్ (కాయిల్ కరెంటుని బ్యాటరీకి తగినట్టు మార్చే డబ్బా), వాటి కప్లర్లు (వైర్లు కలిపే ప్లాస్టిక్ జోడీలు) చూడాలి. కప్లర్ పిన్ను నల్లగా మాడి ఉండటం మామూలే.

వోల్టేజీ బాగానే ఉండి లైటు మాత్రం మసకగా ఉంటే తప్పు వైరింగులో ఉంది. నా మొదటి ఫాగ్ లైట్లకి బద్ధకంతో హెడ్‌లైట్ వైరునే గీకి కలిపి, టేపు చుట్టేశాను. నెల తర్వాత తెనాలి నుంచి గుంటూరు వస్తుంటే, రాత్రి పది గంటలకి, తుంపర పడుతుండగా, ఉన్న లైట్లన్నీ ఒక్కసారే ఆరిపోయాయి. ముందు పోతున్న లారీ ఎర్రలైటు పట్టుకుని ఇల్లు చేరాను. తెల్లారి స్విచ్ విప్పితే లోపల ప్లాస్టిక్ కరిగి ముద్దయింది. ఆ స్విచ్ కాంటాక్టులు ఒక్క బల్బు కోసం చేసినవి, మూడింటిని మోయమంటే ఎలా మోస్తాయి?

దీనికి రిలే, అంటే చిన్న కరెంటుతో పెద్ద కరెంటుని వేసి ఆర్పే స్విచ్, పెట్టాలి. 30 నంబరు కాలికి బ్యాటరీ ప్లస్ నుంచి ఫ్యూజ్ మీదుగా వైరు, 87 నుంచి లైటుకి, 86కి స్విచ్ నుంచి వచ్చే వైరు, 85 ఎర్త్‌కి. స్విచ్‌కి వచ్చే కరెంటు తాళం ఆన్ చేస్తేనే వచ్చే వైరు నుంచి తీసుకోండి, లేదంటే బండి దిగాక లైటు మర్చిపోతారు. ఫ్యూజ్ బ్యాటరీకి జానెడు దూరంలోనే ఉండాలి, లైటు దగ్గర కాదు. మధ్యలో వైరు చాసిస్‌కి రాసుకుని తెగితే ఆ మధ్య భాగాన్ని కాపాడేది అదే. 40 వాట్ల లైట్లకి 5 ఆంపియర్లది సరిపోతుంది. ఫ్యూజ్ పోతోందని 20 ఆంపియర్లది వేస్తే వైరే ఫ్యూజ్ అవుతుంది. ఇంట్లో మిగిలిన ఒంటి తీగ వైరు వాడకండి, ఇంజిన్ వణుకుడికి లోపలే విరిగిపోతుంది, పైకి మాత్రం బంగారంలా ఉంటుంది.

రిలే పెట్టినా మసకగానే ఉంటే తప్పు ఎర్త్‌లో, అంటే కరెంటు బ్యాటరీ మైనస్‌కి తిరిగొచ్చే దారిలో ఉంది. చాలామంది క్రాష్ గార్డ్ బోల్టుకే ఎర్త్ ఇస్తారు, దాని మీద పౌడర్ కోటింగ్ ఉంటుంది, కరెంటు పోదు. కొందరు హ్యాండిల్‌కి ఇస్తారు, అప్పుడు కరెంటు హ్యాండిల్ తిరిగే చోటి కోన్‌సెట్ బాల్స్ మీదుగా పోవాలి. లైటు వెలుగుతుండగా మీటర్ ఒక పుల్ల బ్యాటరీ మైనస్ మీద, రెండోది లైటు ఎర్త్ వైరు మీద పెట్టండి. 0.2 వోల్టు దాటి చూపిస్తే ఎర్త్ బాగాలేదని అర్థం. పెయింటు గీకడం కంటే బ్యాటరీ మైనస్ దాకా వేరే వైరు లాగడమే నయం.

పాత స్ప్లెండర్ లాంటి చాలా 100 సీసీ బండ్లకి ఇంకో మెలిక ఉంది. వాటిలో హెడ్‌లైటు బ్యాటరీ మీద కాదు, నేరుగా మాగ్నెట్ కాయిల్ నుంచి వచ్చే ఏసీ (దిశ మారుతుండే కరెంటు) మీద వెలుగుతుంది. అక్కడ మామూలు డీసీ ఎల్ఈడీ బల్బు పెడితే స్లో స్పీడ్‌లో టపటపా కొట్టుకుంటుంది. బల్బు పాడైందని షాపువాడి మీదికి వెళ్లొద్దు (నేను వెళ్లాను). ఏసీ మీద కూడా పనిచేసే ఎల్ఈడీ అడిగి తెచ్చుకోండి.

రెండు మూడు రోజులు ఆపితే బ్యాటరీ డౌన్

మొబైల్ ఛార్జరో, వోల్టేజీ చూపించే బుల్లి మీటరో బ్యాటరీకి నేరుగా కలిపారా? దాదాపు అదే దొంగ. తాళం ఆఫ్ చేసి, బ్యాటరీ మైనస్ వైరు విప్పి, ఆ వైరుకీ మైనస్‌కీ మధ్య మీటర్‌ను ఆంపియర్ల మీద పెట్టి చూడండి. మామూలు కార్బురేటర్ బండిలో సున్నా, లేదా ఒకటి రెండు మిల్లీ ఆంపియర్లు రావాలి. 20 వస్తే రోజుకి 0.48 ఆంపియర్ అవర్ పోతున్నట్టు. 3 ఆంపియర్ అవర్ల బ్యాటరీ ఆరు రోజుల్లో ఖాళీ అవుతుంది, సెల్ఫ్ అయితే మూడో రోజుకే చేతులెత్తేస్తుంది. ఛార్జర్ వైరుని తాళంతో వచ్చే కరెంటుకి మార్చండి, అంతే పని. మీటర్ అలా ఉండగా సెల్ఫ్ మాత్రం కొట్టకండి, మీటర్ లోపలి ఫ్యూజ్ ఎగిరిపోతుంది.

ఎల్ఈడీ ఇండికేటర్లు: మొదటి సమస్య గబగబా కొట్టుకోవడం, రెండోది నాలుగూ కలిసి వెలగడం

గబగబా కొట్టుకోవడానికి కారణం ఇండికేటర్లని ఆర్పి వెలిగించే ఫ్లాషర్. పాత ఫ్లాషర్ 10 వాట్ల బల్బులు రెండింటిని చూసి అలవాటు పడింది, ఎల్ఈడీ రెండు మూడు వాట్లు తీసుకుంటే బల్బు పోయిందనుకుని గబగబా కొడుతుంది, లేదా అసలు కొట్టదు. లోడుతో పనిలేని ఎలక్ట్రానిక్ ఫ్లాషర్ వేస్తే చాలు. కొందరు రెసిస్టర్లు కలుపుతారు. ఎల్ఈడీతో ఆదా చేసిన కరెంటుని పొయ్యి వెలిగించి కాల్చడమే అది, పైగా ఆ రెసిస్టర్ వేడికి ప్లాస్టిక్ కరుగుతుంది.

ఎడమ వైపు వేస్తే నాలుగూ వెలగడం నాకు రెండు సాయంత్రాలు తినేసింది. మీటర్లో రెండు వైపులకీ కలిపి ఒకే ఇండికేటర్ బల్బు ఉన్న బండ్లలో ఇది వస్తుంది. ఆ బల్బు ఒక కాలు ఎడమ వైరుకీ, ఇంకో కాలు కుడి వైరుకీ ఉంటుంది. పాత బల్బులకి ఆ కొద్దిపాటి కరెంటు చాలదు కాబట్టి అవతలి వైపు వెలగవు, ఎల్ఈడీలకి అదే ఎక్కువ. 1ఎన్4007 డయోడ్లు రెండు తెచ్చుకోండి, రెండూ కలిపి ఐదు రూపాయలు కూడా కావు. ఎడమ వైరు నుంచి ఒకటి, కుడి వైరు నుంచి ఒకటి, గీత ఉన్న కొనలు రెండూ కలిపి మీటర్ బల్బు ఒక కాలికి, ఆ బల్బు రెండో కాలు ఎర్త్‌కి. సోల్డరింగ్ చేసి పైన హీట్ ష్రింక్ ట్యూబ్ ఎక్కించండి.

సైలెన్సర్ మార్చాక రేస్ వదిలితే పటపటా పేలుతోంది, పికప్ తగ్గింది

మొదట అనుమానించాల్సింది జెట్టుని కాదు, హెడ్ దగ్గర బెండు పైపు గాస్కెట్‌ని. పాతదే మళ్లీ బిగిస్తే సందులోంచి బయటి గాలి లోపలికి పోయి, రేస్ వదిలినప్పుడు కాలకుండా మిగిలిన పెట్రోలు అక్కడ పేలుతుంది. చల్లని ఇంజిన్ స్టార్ట్ చేయగానే ఆ జాయింట్ మీద సబ్బునీళ్లు చల్లి బుడగలు వస్తున్నాయేమో చూడండి. కొత్త గాస్కెట్ వేసి, నట్లు రెండూ కొంచెం కొంచెంగా మార్చి మార్చి బిగించండి.

గాస్కెట్ బాగుండి ఇంకా పేలుతుంటే, ఫిల్టర్ కూడా మార్చి ఉంటే, అప్పుడు గాలి ఎక్కువ, పెట్రోలు తక్కువ అవుతోంది. బండి పరిగెత్తుతుండగా మిస్సింగ్ వచ్చినప్పుడు చోక్ కొంచెం లాగండి. బాగుపడితే పెట్రోలు చాలట్లేదని రూఢి. ప్లగ్గు విప్పితే తెల్లగా సుద్దలా ఉంటుంది. లేత గోధుమ రంగు ఉండాలి, పొడి మసి పట్టి నల్లగా ఉంటే పెట్రోలు ఎక్కువైనట్టు. స్లో స్పీడ్‌లో నడిపి ఇంటికొచ్చి ప్లగ్గు చూస్తే ఏమీ తెలియదు. ఏ థ్రాటిల్ దగ్గర, అంటే రేస్ ఎంత తిప్పినప్పుడు, తేడా వస్తోందో అక్కడే కాసేపు నడిపి, క్లచ్ పట్టి ఇంజిన్ ఆపేసి, పక్కకి తీసి చూడాలి.

థ్రాటిల్ పావు వంతు లోపు తేడా వస్తే పైలట్ జెట్టు, గాలి స్క్రూ. పావు నుంచి ముప్పావు దాకా నీడిల్. ఆ పైన మెయిన్ జెట్టు. ఒక్కో సైజే పెంచండి, రెండు ఒకేసారి మార్చకండి. నా బుల్లెట్ లాంటి కొన్ని కార్బురేటర్ బండ్లలో వాక్యూమ్ కార్బురేటర్ ఉంటుంది, లోపలి స్లైడ్ గాలి లాగుడుతోనే పైకి లేస్తుంది. దానికి పాత ఫిల్టర్ డబ్బా తీసేసి చిన్న కోన్ ఫిల్టర్ తగిలిస్తే ఆ లాగుడు లెక్క తప్పుతుంది, ఏ జెట్టు వేసినా మధ్యలో తడబాటు పోదు. నేను మూడు జెట్లు కొని, చివరికి పాత డబ్బానే పెట్టేశాను. 2020 ఏప్రిల్ తర్వాతి బీఎస్6 (కొత్త కాలుష్య ప్రమాణం) బండ్లలో చాలావాటికి జెట్లే ఉండవు, ఆక్సిజన్ సెన్సర్ వైరు తీసేస్తే మీటర్లో ఇంజిన్ లైటు వెలుగుతుంది.

చట్టం సంగతి కూడా ఇక్కడే చెప్పాలి. మోటారు వాహనాల చట్టం సెక్షన్ 52 కంపెనీ ఇచ్చిన స్పెసిఫికేషన్ మార్చొద్దంటుంది. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా అదే చెప్పింది. అదే ఏడాది సవరణతో అనుమతి లేని ఒక్కో మార్పుకీ 5000 రూపాయల జరిమానా, లేదా ఆరు నెలల దాకా జైలు, లేదా రెండూ పడొచ్చు. కాబట్టి పాత సైలెన్సర్ని పాత ఇనుము కొట్టుకి వేయకండి, గోనెసంచిలో చుట్టి అటక మీద పెట్టండి.

హ్యాండిల్ తిప్పితే రేస్ దానంతటదే పెరుగుతోంది

ఇది ఒక్కటే నన్ను నిజంగా భయపెట్టింది. యూటర్న్ తీసుకుంటుంటే బండి దానంతటదే ముందుకి దూకుతుంది. ఎత్తు హ్యాండిల్ వేశారు, యాక్సిలరేటర్ కేబులు మాత్రం పాత పొడవే. తిప్పినప్పుడు కేబులు బిగుసుకుని థ్రాటిల్‌ని లాగుతుంది. సెంటర్ స్టాండ్ వేసి, న్యూట్రల్‌లో స్టార్ట్ చేసి, ఆ చివరి నుంచి ఈ చివరికి హ్యాండిల్ తిప్పండి. శబ్దం ఇసుమంత మారినా రోడ్డెక్కకండి. కేబులు దారి మార్చి చూడండి, అయినా పోకపోతే పొడవుది కొనాల్సిందే. విజయవాడ ఆటోనగర్లోనో, హైదరాబాద్ పుత్లీబౌలిలోనో పాత కేబులు చేతిలో పట్టుకెళ్తే అంతకంటే పొడవుది వెతికిస్తారు. గ్రిప్పు దగ్గర రెండు మూడు మిల్లీమీటర్ల ఆట (వదులు) ఉండాలి.

ఇదే తప్పు క్లచ్ కేబులుకి జరిగితే వేరేలా కనిపిస్తుంది. ఇంజిన్ అరుస్తుంది, బండి పోదు, మాడిన వాసన వస్తుంది. క్లచ్ ప్లేట్లు పోయాయని ఇంజిన్ విప్పించేముందు లివర్ చివర ఒక సెంటీమీటరైనా ఆట ఉందేమో చూడండి. ఇక ఎడమకి తిప్పితే లైటు ఆరిపోతుంటే, డూమ్ (హెడ్‌లైటు డబ్బా) లోపల వైర్లు సాగిపోతున్నాయి.

స్ప్రాకెట్ మార్చాక స్పీడ్ తప్పు చూపిస్తోంది

ముందు స్ప్రాకెట్ (చైన్ తిప్పే పళ్ల చక్రం) 14 పళ్ల నుంచి 15కి మారిస్తే 7 శాతం తేడా. స్పీడు కేబులు ముందు చక్రం నుంచి వచ్చే బండ్లలో ఏమీ మారదు. గేర్‌బాక్స్ దగ్గర సెన్సర్ ఉన్న బండ్లలో మీటర్ 60 చూపిస్తుంటే నిజంగా 64 మీద పోతుంటారు.

క్యారియర్ వెల్డింగ్ చేయించాక స్టార్ట్ అవ్వడం లేదు

సీడీఐ (ప్లగ్గుకి స్పార్క్ పుట్టించే ఎలక్ట్రానిక్ డబ్బా) పోయి ఉండొచ్చు. స్పార్క్ ఉందో లేదో చూసి, తెలిసినవాళ్ల బండిది ఒకసారి మార్చి చూడండి. ఇక నుంచి వెల్డింగ్ ముందు బ్యాటరీ రెండు వైర్లూ విప్పి, సీడీఐ కప్లర్ లాగేసి, వెల్డింగ్ ఎర్త్ క్లాంపుని పని జరిగే చోటికి బెత్తెడు దూరంలో పెట్టించండి. ట్యాంకు దించి షెడ్డు బయట పెట్టాకే నిప్పు.

ట్యాంకు పెయింటు: పాలు చల్లినట్టు తెల్లబడటం, పెట్రోలు చుక్క పడితే ఊడటం

మన కోస్తాలో వానాకాలం పెయింటు కొడితే తెల్లబడకుండా ఉంటే ఆశ్చర్యం. థిన్నర్ ఆవిరైనప్పుడు రేకు చల్లబడి, గాలిలో తేమ దాని మీద చెమ్మలా దిగుతుంది. లేతగా ఉంటే ఎండ వచ్చిన రోజు పైన కాస్త థిన్నర్ పొగలా కొడితే పోతుంది, ముదిరితే గీకి మళ్లీ కొట్టుకోవాలి. ఉదయం పది దాటాక, నేల పొడిగా ఉన్నప్పుడు కొట్టండి.

పెట్రోలు పడి ఊడటానికి కారణం స్ప్రే క్యాన్ మామూలు పెయింటు. దానికి పెట్రోలు తట్టుకునే శక్తి లేదు. పైన హార్డ్‌నర్ కలిపే టూకే క్లియర్ కొట్టాలి. ఆ హార్డ్‌నర్ ఊపిరితిత్తులకి మంచిది కాదు, జేబురుమాలు కడితే ఆగదు, ఫిల్టర్ ఉన్న మాస్క్ పెట్టుకుని, షెడ్డు తలుపులు బార్లా తీసి కొట్టండి. కొట్టాక వారం దాకా ట్యాంకు నిండుగా పోయించకండి, బంకులో మూతి దగ్గర గుడ్డ చుట్టి పట్టుకోండి.