విదేశంలో ఉండగా సంక్షోభం వస్తే: విద్యార్థి బృందాన్ని వెంటబెట్టుకెళ్లే ఉపాధ్యాయులకు

2010 ఏప్రిల్‌లో ఐస్‌లాండ్‌లో అగ్నిపర్వతం బద్దలై ఎగసిన బూడిద వల్ల ఐరోపా గగనతలంలో చాలా భాగం దాదాపు ఆరు రోజులు మూతపడింది, లక్ష వరకు విమానాలు రద్దయ్యాయి. ఎక్కడెక్కడో చిక్కుకుపోయిన ప్రయాణికుల్లో అత్యధికులకు ప్రాణభయమేమీ లేదు, ఇంటికి చేరే దారి మాత్రం లేదు. 2016 మార్చి 22న బ్రస్సెల్స్ విమానాశ్రయంలో బాంబు పేలుళ్లు క్షణాల్లో ముగిసినా, అక్కడి నుంచి ప్రయాణికుల విమానాలు మళ్లీ బయలుదేరడానికి ఏప్రిల్ 3 దాకా పట్టింది. 2020 మార్చి 15న పెరూ ప్రభుత్వం సరిహద్దులు మూసివేస్తున్నట్టు ప్రకటించి, మరునాటి అర్ధరాత్రికల్లా మూసేసింది. ఈ మూడింటిలో మొదటిది ఓపిక పట్టాల్సిన సంక్షోభం, రెండోది ఉన్నచోటే తలదాచుకోవాల్సినది, మూడోది వెంటనే బయలుదేరాల్సినది. ఏది ఏ రకమో సంఘటన జరిగిన మొదటి గంటలో తెలియదు. అందుకే పిల్లల బాధ్యత తీసుకున్న ఉపాధ్యాయుడు పెద్ద నిర్ణయాలను బుర్ర ప్రశాంతంగా ఉన్నప్పుడే, అంటే విమానం ఎక్కకముందే తీసుకుని, కాగితం మీద పెట్టుకోవాలి. నిద్రలేని రాత్రి మూడు గంటలకు, ఏడుస్తున్న పిల్లల మధ్య తీసుకునే నిర్ణయం మీద నాకు నమ్మకం తక్కువ.

వెళ్లాలా, వద్దా

వెళ్లబోయే దేశం గురించి మీ ప్రభుత్వ విదేశాంగ శాఖ ఇచ్చే ప్రయాణ సూచనలను శీర్షికతో సరిపెట్టుకోకుండా పూర్తిగా చదవండి. ఒకే దేశంలో ఒక ప్రాంతానికి వెళ్లవద్దని, మరో ప్రాంతంలో మామూలు జాగ్రత్తలు చాలునని ఆ సూచనల్లోనే వేర్వేరుగా ఉంటుంది. విమానం మారే నగరాన్ని కూడా గమ్యస్థానంతో సమానంగా పరిశీలించాలి. 2025 జూన్ 23న ఖతార్ గగనతలాన్ని కొన్ని గంటలు మూసినప్పుడు ఇబ్బంది పడినవారిలో ఖతార్ చూడటానికి బయలుదేరినవారి కంటే దోహా మీదుగా మరెక్కడికో పోతున్నవారే ఎక్కువ.

బీమా పత్రంలో రెండు విషయాలు వెతకాలి. ఒకటి, యుద్ధం, అల్లర్లు, మహమ్మారి వంటివాటికి మినహాయింపులు ఉన్నాయా అన్నది. రెండోది, సంఘటన వార్తల్లోకి వచ్చాక కొన్న బీమా ఆ సంఘటనకు వర్తిస్తుందా అన్నది; చాలా పాలసీలు అప్పటికే తెలిసిన ప్రమాదానికి డబ్బు చెల్లించవు. వెళ్లవద్దని ప్రభుత్వం చెప్పిన చోటికి వెళ్తే బీమా చెల్లకపోవడం కూడా మామూలే. ఇవి చూసుకున్నాక, యాత్ర రద్దు చేసుకుంటే ఏ తేదీ వరకు ఎంత డబ్బు తిరిగి వస్తుందో తల్లిదండ్రులకు ముందే రాతపూర్వకంగా చెప్పండి. డబ్బు పోతుందన్న మొహమాటంతో బయలుదేరిన యాత్రలో నాయకుడి తీర్పు మొదటి రోజు నుంచే బందీ అయిపోతుంది.

ఆ తర్వాత ఒక్క పేజీలో నిర్ణయ పత్రం రాసుకోండి. ఏం జరిగితే కార్యక్రమం యథాతథంగా సాగుతుంది, ఏం జరిగితే ఆ రోజుకు బస విడిచి కదలం, ఏం జరిగితే వెంటనే తిరుగుముఖం పడతాం అన్నది స్పష్టమైన మాటల్లో ఉండాలి. ‘పరిస్థితి విషమిస్తే’ అని రాస్తే ఉపయోగం లేదు. ‘మన ప్రభుత్వం పౌరులను వెనక్కి రమ్మంటే’, ‘మనం ఉన్న నగరంలో కర్ఫ్యూ విధిస్తే’ అని రాయాలి. పాఠశాల వైపు నుంచి ఏ వేళకైనా ఫోనెత్తి నిర్ణయం చెప్పగల వ్యక్తి ఎవరో, ఆయన అందకపోతే ఎవరో, ఇద్దరూ అందకపోతే బృంద నాయకుడి మాటే చెల్లుతుందనీ అందులోనే ఉండాలి. ఈ చివరి వాక్యం రాయడానికి యాజమాన్యాలు వెనకాడతాయి. అది లేకుండా నేనైతే పిల్లల్ని తీసుకెళ్లను.

పెద్దలు ఎంతమంది

ఇంతమంది విద్యార్థులకు ఒక ఉపాధ్యాయుడు అన్న లెక్క పాఠశాలల్లో ఎలాగూ ఉంటుంది. సంక్షోభ కాలంలో దానితోపాటు ఇంకో ప్రశ్న వేసుకోవాలి: ఒక విద్యార్థి ఆసుపత్రిలో చేరి, మిగిలినవారు విమానం ఎక్కాల్సి వస్తే, ఆ బిడ్డ దగ్గర ఉండిపోయేది ఎవరు? కోవిడ్ సమయంలో ఒక్కరికి పాజిటివ్ వచ్చినా ఆ బిడ్డతో ఒక పెద్దవారు వెనక ఆగక తప్పేది కాదు. పదిమంది పిల్లలే ఉన్నా ఇద్దరు పెద్దలు చాలరని, ముగ్గురు కావాలని నేననేది ఇందుకే. ఒకరు ఆగిపోయినా మిగతా ఇద్దరు వంతులవారీగా నిద్రపోగలగాలి. నిద్రలేని మనిషి తప్పు లెక్క పెడతాడు, తప్పు గేటు దగ్గర నిలబడతాడు.

కాగితాలు, మందులు

2024 జులై 19న ఒక సాఫ్ట్‌వేర్ అప్‌డేట్ లోపంతో ప్రపంచమంతటా లక్షలాది కంప్యూటర్లు నిలిచిపోయినప్పుడు కొన్ని విమానాశ్రయాల్లో బోర్డింగ్ పాసులు చేత్తో రాసి ఇచ్చారు. అలాంటి రోజున ఫోన్‌లో దాచుకున్న టికెట్లు ఎంతవరకు అక్కరకొస్తాయో ఊహించుకోవచ్చు. అందుచేత ప్రతి విద్యార్థి పాస్‌పోర్టు, వీసా, బీమా పత్రం, తల్లిదండ్రుల అనుమతి లేఖ, చికిత్సకు సమ్మతి పత్రం జిరాక్సు తీసి మూడు సెట్లు చేయండి. రెండు సెట్లు ఇద్దరు వేర్వేరు ఉపాధ్యాయుల చేతిసంచుల్లోనూ, మూడోది పాఠశాలలోనూ ఉండాలి. పాస్‌పోర్టు గడువు తిరిగివచ్చే తేదీ తర్వాత కనీసం ఆరు నెలలు ఉందో లేదో చూడండి. చాలా దేశాలు అడిగేదే కాక, బస పొడిగించాల్సి వస్తే చేతిలో మిగిలే వ్యవధి కూడా అదే. బృందంలో వేరే దేశపు పాస్‌పోర్టు ఉన్న విద్యార్థి ఉంటే ఆ పేరు విడిగా రాసుకోండి. దారి మళ్లించిన విమానం మూడో దేశంలో దిగితే ఆ ఒక్కరికే వీసా కావాల్సి రావచ్చు, ఆ ఒక్కరికే సాయం వేరే రాయబార కార్యాలయం నుంచి అందాల్సి రావచ్చు.

మందుల విషయంలో 2001 సెప్టెంబరు 11 నేర్పిన పాఠం ఒకటుంది. అమెరికా గగనతలం మూసేయడంతో కెనడాలోని గాండర్ అనే చిన్న పట్టణంలో 38 విమానాలు దిగాయి, వాటిలో దాదాపు ఏడు వేల మంది ఉన్నారు. చెక్-ఇన్ చేసిన లగేజీ విమానాల్లోనే ఉండిపోవడంతో, వాటిలో మందులు పెట్టుకున్నవారికి స్థానిక ఫార్మసిస్టులు రాత్రనక పగలనక కూర్చుని మందులు సమకూర్చాల్సి వచ్చింది. కాబట్టి రోజూ వాడే మందులు చేతిసంచిలోనే ఉండాలి. యాత్ర ఎన్ని రోజులో దానికి రెట్టింపు రోజులకు సరిపడా, అసలు ప్యాకింగుతో, డాక్టరు చీటీతో సహా తెచ్చుకోమని చెప్పండి. అయితే తీసుకెళ్లే ముందు ఆ దేశపు నిబంధన చూడాలి. ఉదాహరణకు, ఏకాగ్రత లోపానికి కొన్ని దేశాల్లో పిల్లలకు రాసే యాంఫెటమిన్ మందులు జపాన్‌లోకి తీసుకెళ్లడం నిషిద్ధం, డాక్టరు చీటీ ఉన్నా చెల్లదు.

లెక్క

బృందాన్ని నడిపించడంలో సగం పని లెక్కపెట్టడమే. ఒకసారి రైల్వే ప్లాట్‌ఫాం మీద తలలు లెక్కపెట్టాను. ఇరవై నాలుగు రావాలి, ఇరవై నాలుగే వచ్చాయి. రైలు ఎక్కాక చూస్తే పసుపు టోపీ పెట్టుకున్న ఒక అబ్బాయి నావంక కొత్తగా చూస్తున్నాడు. వాడు మరో పాఠశాల బృందం వాడు. మా అమ్మాయి ఒకతె ఇంకా టికెట్ మిషన్ దగ్గరే నిలబడి ఉంది. తలుపులు మూసుకోవడానికి క్షణాలే ఉన్నాయి కాబట్టి తోటి టీచరు కిందికి దూకి ఆ అబ్బాయిని వాళ్లవాళ్లకు అప్పగించి, మా అమ్మాయితో తర్వాతి రైలులో వచ్చారు. లెక్క సరిపోవడం వేరు, పిల్లలు సరిపోవడం వేరని ఆ రోజే అర్థమైంది.

అప్పటి నుంచి నేను తలలు లెక్కపెట్టను. ప్రతి విద్యార్థికీ ఒక అంకె ఇస్తాను, ఒకటి నుంచి వరుసగా ఎవరి అంకె వారే గట్టిగా పలకాలి, ఎక్కడ మౌనం వస్తే అక్కడ ఆగుతాం. ఎవరి అంకె ఇంకొకరు పలకకూడదన్నది కచ్చితమైన నియమం. స్నేహం కొద్దీ అబద్ధపు హాజరు వేసేవారు అక్కడ కూడా ఉంటారు. ప్రతి ఒక్కరికీ జోడీ ఉండాలి, జోడీ కనబడకపోతే చెప్పడం రెండోవారి పూచీ. వాహనం ఎక్కగానే, దిగగానే, భవనంలోకి వెళ్లేముందు, బయటికి వచ్చాక ఈ లెక్క జరగాలి. మామూలు రోజుల్లో దీనికి నలభై సెకన్లు పడుతుంది. అలవాటైన పిల్లలు అలజడిలోనూ తమ అంకె తామే పలుకుతారు.

సంఘటన జరిగిన మొదటి గంట

ముందు లోపలికి వెళ్లండి, లెక్క పెట్టండి, పిల్లల్ని కిటికీలకు దూరంగా కూర్చోబెట్టండి. స్థానిక పోలీసులు, సిబ్బంది చెప్పేదానికి మీ ప్రణాళిక అడ్డు రాకూడదు. ముగ్గురు పెద్దల్లో ఒకరు పిల్లల దగ్గరే ఉండాలి, ఒకరు ఫోన్ చూసుకోవాలి, ఒకరు సమాచారం సేకరించాలి. ముగ్గురూ ఫోన్లలో తలలు పెడితే ఆ పది నిమిషాల్లోనే ఒక పిల్లవాడు బాత్రూంకని లేచి వెళ్తాడు.

వార్త వినగానే విమానాశ్రయానికి పరుగెత్తడం చాలాసార్లు పొరపాటు. 2020 మార్చి 11 రాత్రి ఐరోపా నుంచి ప్రయాణాలపై అమెరికా నిషేధం ప్రకటించినప్పుడు, అది తమ పౌరులకు వర్తించదన్న వివరం తెలిసేలోపే ఎంతోమంది అమెరికన్లు ఐరోపాలోని విమానాశ్రయాలకు వెళ్లి భారీ ధరలకు టికెట్లు కొన్నారు. ప్రకటన పూర్తి పాఠం చదివేదాకా, నిర్ణయ పత్రంలో రాసుకున్న సూచన నిజంగా కనబడేదాకా కదలకండి. అది కనబడ్డాక మాత్రం చర్చ పెట్టకండి, బయలుదేరండి.

సెల్ టవర్లపై రద్దీ పెరిగినప్పుడు కాల్ కలవకపోయినా మెసేజ్ వెళ్లే అవకాశం ఎక్కువ. పాఠశాలకు మొదటి మెసేజ్ ఇలా ఉంటే చాలు: ‘సాయంత్రం 4.20, స్థానిక సమయం. 24 మంది విద్యార్థులు, ముగ్గురు ఉపాధ్యాయులు అందరం హోటల్‌లో ఉన్నాం. ఎవరికీ గాయాలు లేవు. ఈ రాత్రికి ఇక్కడే ఉంటాం. తర్వాతి సమాచారం 6 గంటలకు.’ ఆరు గంటలకు కొత్త విషయమేమీ లేకపోయినా, లేదన్న మాటే పంపాలి. తల్లిదండ్రులకు పాఠశాల నుంచి ఒక్కరే మాట్లాడాలి. ఉపాధ్యాయులు విడివిడిగా జవాబులు ఇస్తూ పోతే పది ఇళ్లకు పది కథలు చేరతాయి.

పిల్లల ఫోన్లు లాక్కోవద్దు. క్షేమంగా ఉన్నామని ఒక మెసేజ్ ఇంటికి పంపమనండి. ఉన్నచోటు తెలిపే ఫోటోలు, వీడియోలు బయట పెట్టవద్దని, ఒకే భయంకర దృశ్యాన్ని పదేపదే చూడవద్దని కారణంతో సహా చెప్పండి. జరిగింది దాచకండి, తెలిసినంత నిజం, రెండు మూడు వాక్యాల్లో, మళ్లీ ఎన్ని గంటలకు మాట్లాడతారో కలిపి చెప్పండి. ‘ఏం కాదు’ అన్న మాట పెద్దలకు ఊరటేమో గానీ, పదిహేనేళ్ల పిల్లలు దాన్ని నమ్మరు.

చిక్కుకుపోయిన రోజులు

రాయబార కార్యాలయంలో బృందం పేర్లను వీలైతే యాత్రకు ముందే నమోదు చేయండి. పోయిన పాస్‌పోర్టుకు బదులు అత్యవసర ప్రయాణ పత్రం ఇవ్వడం, ఆసుపత్రుల, న్యాయవాదుల వివరాలు ఇవ్వడం, కుటుంబాలకు కబురు చేర్చడం వారు మామూలుగా చేసే పనులు. 1963 నాటి వియన్నా కాన్సులర్ ఒప్పందం మైనర్ల ప్రయోజనాలను కాపాడటాన్ని కూడా కాన్సులేట్ల విధుల్లో చేర్చింది, అయితే స్థానిక చట్టాలకు లోబడి. హోటల్ బిల్లు కడతారనో, మీకోసం విమానం పంపుతారనో లెక్కలు వేసుకోకండి.

ఐరోపా సమాఖ్య దేశాల నుంచి బయలుదేరే విమానం రద్దయితే, కారణం విమాన సంస్థ చేతిలో లేనిదైనా సరే, 261/2004 నిబంధన ప్రకారం భోజనం, బస ఆ సంస్థే చూడాలి; అగ్నిపర్వతపు బూడిద కూడా దీనికి మినహాయింపు కాదని సమాఖ్య న్యాయస్థానం 2013లో తేల్చింది. అయినా ఆ రాత్రికి గదులు మీరే వెతుక్కోవాల్సి రావచ్చు కాబట్టి ప్రతి రసీదూ దాచండి. బృందం డబ్బు రెండు కార్డుల్లో, ఇద్దరి దగ్గర, కొంత నగదుగా ఉండాలి.

ఎదురుచూసే రోజులకు కూడా టైంటేబుల్ కావాలి. లేచే వేళ, బట్టలు ఉతుక్కునే వేళ, చదువుకునే గంట, ఆడుకునే గంట నిర్ణయించండి. పని లేని పిల్లల చెవికి వదంతి ముందు చేరుతుంది.

సీట్లు విడతలుగా దొరికినప్పుడు బృందాన్ని విడదీయక తప్పదు. వైద్య అవసరాలున్నవారు ముందు, జోడీలు కలిసి, ప్రతి విడతతో ఒక పెద్దవారు వెళ్లాలి. బృంద నాయకుడు చివరి విడతలో వెళ్లాలి. ఎవరు ఎప్పుడు వెళ్తారో తల్లిదండ్రుల ఒత్తిడిని బట్టి మార్చకండి. ఒక్కసారి మార్చితే మిగతావారందరి ఫోన్లూ మోగుతాయి.

ఇంటికి చేరిన విమానాశ్రయంలో పిల్లలను గుంపుగా వదిలేయకుండా, జాబితా చేతబట్టి, ఒక్కొక్కరినీ ఎవరికి అప్పగించారో సంతకం తీసుకోండి. ఎవరైనా ఆలస్యంగా వస్తే ఆ బిడ్డతోపాటు ఆగండి. ఇంటికి వెళ్లి పడుకునేముందు జరిగినదంతా వేళలతో సహా రాసి పెట్టండి. బీమా సంస్థ అడిగేనాటికి, కలత పడిన విద్యార్థి కోసం కౌన్సెలర్ అడిగేనాటికి ఏ రోజు ఏం జరిగిందో వరుస తప్పిపోతుంది.