గీజర్ ప్లగ్గు ఎందుకు కాలింది? వోల్టులు, ఆంపియర్లతో లెక్క తీసే పద్ధతి

తణుకులో ఇరవై ఏళ్లుగా ఇళ్ల వైరింగ్ పని చేస్తున్నాను. పోయిన చలికాలంలో ఒక పెద్దావిడ ఫోన్ చేశారు. "బాబూ, గీజర్ వేస్తే ప్లగ్గు దగ్గర కాలిన వాసన వస్తోంది. గీజర్ పోయినట్టుంది, కొత్తది కొనమంటావా?" అని. వెళ్లి చూస్తే ప్లగ్ టాప్‌లో ఒక పిన్ను నల్లబడి ఉంది. గీజర్ బాగుందో లేదో కంటితో తేలదు. లెక్క వేయాలి.

లెక్క చిన్నదే. వోల్టులను ఆంపియర్లతో భాగిస్తే ఓంలు, అంటే నిరోధం. వోల్టులను ఆంపియర్లతో గుణిస్తే వాట్లు, అంటే పవర్. గీజర్ పేరుపలక మీద 2000 వాట్లు, 230 వోల్టులు అని ఉంది. 2000ని 230తో భాగిస్తే 8.7 ఆంపియర్లు. 230ని 8.7తో భాగిస్తే సుమారు 26.4 ఓంలు. లోపల నీళ్లు వేడిచేసే కాయిల్ ఆరోగ్యంగా ఉంటే నిరోధం ఈ అంకె దగ్గర్లోనే రావాలి.

ఇక కొలత. కరెంటుకి క్లాంప్ మీటర్ వాడతాను, అంటే వైరును దవడలతో చుట్టి పట్టుకుని ఆంపియర్లు చూపించే మీటర్. దవడల మధ్య ఫేజ్ వైరు, అంటే కరెంటు వచ్చే వైరు ఒక్కటే ఉండాలి. ఫేజ్, న్యూట్రల్ (కరెంటు తిరిగి వెళ్లే వైరు) రెండూ కలిపి పెడితే ఒకదాన్నొకటి కొట్టేసుకుని సున్నా చూపిస్తుంది. కొత్త కుర్రాళ్లు మీటర్ పాడైందని కంగారు పడేది ఇక్కడే. కరెంటు మరీ తక్కువైతే అదే వైరును దవడలోంచి ఐదు చుట్లు తిప్పి, వచ్చిన అంకెను ఐదుతో భాగించండి.

వోల్టేజీ కొలిచేటప్పుడు గీజర్ ఆన్‌లో ఉండాలి. లోడు లేనప్పుడు, అంటే గీజర్ కరెంటు లాగనప్పుడు కొలిస్తే లూజ్ కాంటాక్ట్ దొరకదు, అన్నీ బాగున్నట్టే కనిపిస్తాయి. నేను మెయిన్ ఆపి, గీజర్ టెర్మినళ్లకు మీటర్ తాలూకు క్లిప్పులున్న ప్రోబ్‌లు (కొలిచే తీగలు) తగిలించి, చేతులు తీశాక ఆన్ చేస్తాను. వోల్టులు, ఆంపియర్లు, ఓంలు మూడూ కొలిచే మల్టీమీటర్‌తో అయితే ప్రోబ్ ఆంపియర్ల రంధ్రంలో లేదని ముందు చూసుకోవాలి. అందులో ఉంచి వోల్టేజీ కొలిస్తే నేరుగా షార్ట్ అవుతుంది. గీజర్ మూత తీసి కొలవడం అలవాటు లేనివారు చేయవద్దు. ఎలక్ట్రీషియన్‌ని పిలిచి పక్కన నిలబడి అంకెలు రాసుకోండి.

ఆ రోజు గీజర్ ఆన్‌లో ఉండగా మెయిన్ బోర్డు దగ్గర 224 వోల్టులు, గీజర్ దగ్గర 214 వోల్టులు, కరెంటు 8.1 ఆంపియర్లు వచ్చాయి. 214ని 8.1తో భాగిస్తే 26.4 ఓంలు. అంటే కాయిల్ కొత్తదానిలాగే ఉంది. పవర్ మాత్రం 214 × 8.1, అంటే 1733 వాట్లే.

మరి మధ్యలో తగ్గిన 10 వోల్టులు ఏమైనట్టు? అదే సూత్రం ఇక్కడా పెట్టాను. 10ని 8.1తో భాగిస్తే 1.23 ఓంలు. అంత నిరోధం బోర్డుకీ గీజర్‌కీ మధ్య ఎక్కడో ఉంది. వైరు 2.5 స్క్వేర్ ఎం.ఎం. రాగిది, పోను రాను కలిపి 30 మీటర్లు. ఆ సైజు రాగి వైరుకి కిలోమీటరుకి సుమారు 7.4 ఓంలు కాబట్టి 30 మీటర్లకి 0.22. మిగిలిన ఒక ఓం వైరుది కాదు, జాయింటుది.

ఒక్క ఓమే కదా అనిపిస్తుంది. కానీ ఆ చోట పుట్టే వేడికి ఆంపియర్లను ఆంపియర్లతోనే గుణించి, ఓంలతో మళ్లీ గుణించాలి. 8.1 × 8.1 × 1, సుమారు 65 వాట్లు. మేం వాడే చిన్న సోల్డరింగ్ ఐరన్ 25 వాట్లది, దానితోనే సీసం కరుగుతుంది. అలాంటివి రెండున్నర ఒక ప్లాస్టిక్ సాకెట్‌లో రోజూ అరగంట వెలుగుతున్నాయన్నమాట. ఈ లెక్క చెప్పగానే ఆవిడ స్విచ్ ముట్టుకోవడం మానేశారు. సాకెట్ విప్పితే న్యూట్రల్ స్క్రూ వదులుగా ఉంది, వైరు తొడుగు కరిగిపోయింది. కాలిన ముక్క కోసేసి, కొత్త 16 ఆంపియర్ల సాకెట్, ప్లగ్ టాప్ వేసి బిగించాను. మళ్లీ కొలిస్తే మెయిన్‌లో 224, గీజర్ దగ్గర 222, కరెంటు 8.4. పవర్ 1865 వాట్లు.

ఈ భాగహారం వేడిచేసే కాయిల్ ఉన్న సామాన్లకే పూర్తిగా పనికొస్తుంది: గీజర్, ఇస్త్రీ పెట్టె, వాటర్ హీటర్ రాడ్. మోటార్లకు అలా కుదరదు. పంపు 220 వోల్టుల దగ్గర 6 ఆంపియర్లు లాగితే 1320 వాట్లు అనుకోకండి. పలక మీద పవర్ ఫ్యాక్టర్ (వోల్టులు, ఆంపియర్ల గుణకారంలో నిజంగా పవర్ అయ్యే వంతు) 0.8 అని ఉంటే దానితో కూడా గుణించాలి, 1056 వస్తుంది. పాత ఫిలమెంట్ బల్బుతో ఇంకో తికమక. 100 వాట్ల బల్బు వెలుగుతున్నప్పుడు 529 ఓంలు ఉండాలి, ఆర్పేసి మల్టీమీటర్ పెడితే 40 దగ్గరే చూపిస్తుంది. చల్లబడిన టంగ్‌స్టన్ అంతే, బల్బు తప్పు కాదు.

క్లాంప్ మీటర్ లేకపోయినా ఇంట్లో వాట్లు తెలుసుకోవచ్చు. ఎలక్ట్రానిక్ కరెంటు మీటర్ మీద ఒక్క యూనిట్‌కి ఎన్నిసార్లు ఎర్రలైటు మెరుస్తుందో రాసి ఉంటుంది. అది 3200 అనుకుందాం. మిగతావన్నీ ఆపి, గీజర్ ఒక్కటే వేసి, నిమిషానికి ఎన్ని మెరుపులో లెక్కపెట్టండి. యూనిట్ అంటే 1000 వాట్లు 60 నిమిషాలు, అంటే 60,000. దాన్ని 3200తో భాగిస్తే నిమిషంలో వచ్చే ఒక్కో మెరుపుకి 18.75 వాట్లు. సాకెట్ మార్చాక ఆవిడ ఇంట్లో అలా చూస్తే సుమారు 100 వచ్చాయి, అంటే 1875 వాట్లు. దాన్ని 224తో భాగిస్తే 8.4 ఆంపియర్లు, నా క్లాంప్ మీటర్ చూపించిన అంకే. ఆ పక్కనే సాకెట్ మీద చేయి వేసి చూశాం, చల్లగా ఉంది.