ఐరిష్ సెట్ డాన్స్, 4వ పాఠం: హౌస్ దగ్గర చిక్కు

ఈసారి లేడీస్ చైన్ అనే భాగం చెప్పాలి. కానీ మూడో పాఠం చదివి ప్రాక్టీస్ చేసినవాళ్లలో సగం మందిది ఒకటే గోల: "హౌస్‌లో ఎనిమిది బార్లు (ఒక బార్ అంటే ఒక వన్-టూ-త్రీ) అయిపోతున్నాయి, మేమింకా సెకండ్ టాప్స్ చోటులోనే, అంటే ఎదుటి జంట చోటులోనే ఉన్నాం." చైన్ వచ్చే పాఠానికి. ఇవాళంతా హౌసే, అంటే సెట్‌లో చదరంగా నిలబడిన నాలుగు జంటలూ తమ చుట్టూ తాము తిరుగుతూ సెట్‌ను ఒక చుట్టు చుట్టి వచ్చే భాగం.

వన్-టూ-త్రీ స్టెప్ మళ్లీ చెప్పను, అది వచ్చేసింది కదా. జెంట్ ఎడమ కాలు, లేడీ కుడి కాలు. ఇద్దరూ ఆడవాళ్లే జోడీ కట్టినా సరే, ఎవరు ఏ పాత్రో ముందే తేల్చుకోండి.

బ్యాండుకు వీపు పెట్టి నిలబడేది ఫస్ట్ టాప్స్. వాళ్ల ఎడమ చేతివైపు ఫస్ట్ సైడ్స్, ఎదురుగా సెకండ్ టాప్స్, కుడివైపు సెకండ్ సైడ్స్. హౌస్‌లో నాలుగు జంటలూ ఒకేసారి కదులుతాయి, ఎవరి కుడివైపుకు వాళ్లు. రెండు బార్లకు ఒక చోటు, ఎనిమిది బార్లకు మళ్లీ సొంత చోటు.

అసలు తంటా ఇక్కడే. గుడిలో ప్రదక్షిణ చేసి చేసి మన కాళ్లు ఎడమవైపుకే లాగుతాయి. హౌస్‌లో సెట్ చుట్టూ వెళ్లే దారి అప్రదక్షిణం, మీ జంట తన చుట్టూ తాను తిరగడం మాత్రం ప్రదక్షిణం. రెండూ ఒకే దిక్కు అనుకున్నారో, పక్క జంట మోకాళ్లకు తగులుతారు.

వాల్ట్జ్ పట్టు (ఎదురెదురుగా, జెంట్ కుడి చేయి లేడీ వీపు మీద, రెండో చేతులు కలిపి) పట్టగానే జెంట్ ముఖం వెళ్లే దారివైపు, లేడీ వీపు దారివైపు. మొదటి బార్‌లో జెంట్ ముఖం గోడ మీదుగా వెనక్కి తిరుగుతుంది. రెండో బార్‌లో సెట్ మధ్య మీదుగా మళ్లీ దారివైపుకు వస్తుంది. మొదటి బార్‌లోనే జెంట్‌కు సెట్ మధ్య కనబడిందంటే తిరుగుడు తప్పు. అక్కడే ఆపేయండి.

చాలామంది తిరుగుడును గది గోడతో కొలుస్తారు, నాకు ఒళ్లు మండేది దీనికే. "కిటికీ కనబడింది, మళ్లీ కిటికీ కనబడింది, ఒక చుట్టు అయింది" అంటారు. కాలేదు, ఎక్కువైంది. పక్క చోటుకు చేరేసరికి దారే పావు వంతు మలుపు తిరిగి ఉంటుంది, అదీ మీ తిరుగుడుకు ఎదురు దిక్కులో. కాబట్టి అక్కడికి చేరేలోపు గదిలో మీరు తిరగాల్సింది ముప్పావు చుట్టే. కిటికీని నమ్ముకున్న జెంట్ అక్కడ గోడకు ముఖం పెట్టి నిలబడతాడు, తర్వాత అడుగు ఎటు వేయాలో తోచదు. దారితో కొలిస్తే నాలుగు చుట్లు, గదితో కొలిస్తే మూడే. కిటికీని మరిచిపోయి, ముందు వెళ్తున్న జంట వీపులు చూడండి.

ఇంత చేసినా ఆలస్యమవుతోందంటే మీ సెట్ మరీ వెడల్పుగా ఉందన్నమాట. ఐర్లాండ్ పల్లె ఇళ్లలో, వంటగది రాతి పలకల మీద ఆడిన డాన్స్ ఇది. ఇళ్లలో ఆడుకునే ఆ అలవాటును బహిరంగ డాన్సులకు లైసెన్సు తప్పనిసరి చేసిన 1935 డాన్స్ హాల్స్ చట్టం చాలా దెబ్బతీసింది. హాలు పెద్దదని సెట్‌ను పెద్దది చేయక్కర్లేదు. ఎదుటి జంట చేయి చాస్తే అందేంత దగ్గరగా నిలబడండి.

బ్యాటరింగ్ (కాళ్లతో నేలను లయగా కొట్టడం) ఎప్పుడని కొందరు అడుగుతున్నారు. ఇంకా చాలా టైముంది. నాకు ఐర్లాండ్‌లోని క్లేర్ కౌంటీ రీల్ సెట్లంటేనే ప్రాణం కాబట్టి పాఠాలు ఆ దారిలోనే నడుస్తాయి. కార్క్, కెర్రీ కౌంటీల పోల్కాలు కావాలన్నవాళ్లు కాస్త ఓపిక పట్టాలి. స్వింగ్‌లో (జోడీ ఒకే చోట వేగంగా తిరిగేది) కళ్లు తిరుగుతున్నాయన్నవాళ్లు నేల చూడటం మానేసి జోడీ ముఖం చూడండి.

ప్రాక్టీస్: గదిలో నాలుగు కుర్చీలు నాలుగు చోట్ల వేయండి. జోడీ లేకపోతే దిండును పట్టుకోండి. పాట లేకుండా, బార్లు పైకి లెక్కపెడుతూ, ఆగకుండా నాలుగు హౌస్‌లు, అంటే 32 బార్లు, రీల్ ఒక రౌండు పూర్తిగా. ప్రతి ఎనిమిదో బార్ చివర సొంత కుర్చీ దగ్గర ఉండాలి, తప్పితే ఒకటి నుంచి మొదలు. జెంట్‌గా కుదిరాక లేడీగా మొత్తం మళ్లీ చేయండి. జూలైలో విల్లీ క్లాన్సీ వారానికి (సంగీతం, డాన్స్ నేర్పే ఉత్సవం) క్లేర్‌లోని మిల్‌టౌన్ మాల్‌బే వెళ్లాలనుకునేవాళ్లు దీన్నే రీల్ రికార్డింగ్ పెట్టుకుని, మొదటి ఎనిమిది బార్లు కదలకుండా విని, తొమ్మిదో బార్‌కు మొదలుపెట్టి చేయండి.