జన్యువులతో జాతిని గుర్తుపట్టడం – 3వ పాఠం: తల్లి వైపు ఇంటిపేరు

గత పాఠంలో రెండు డీఎన్ఏ వరుసలను పక్కపక్కన పెట్టి తేడాలు లెక్కపెట్టాం, ఆ లెక్కతో వంశవృక్షం గీశాం. ఆ చెట్టు మనల్ని ఎక్కడ పక్కదారి పట్టిస్తుందో ఈసారి చూద్దాం. దీనికి ఆస్ట్రేలియాలోని క్వీన్స్‌లాండ్ రాతిగుట్టల మీద బతికే రాతి వాలబీలను మించిన ఉదాహరణ నాకు తట్టలేదు.

వాలబీలంటే కంగారూలకు చిన్న చుట్టాలు. వీటిలో రాతి వాలబీలు గుట్టలను వదిలి దూరం పోవు. అందుకే ఎక్కడి గుంపు అక్కడే విడిపోయింది. బొచ్చు రంగు చూసి జాతి చెబుదామంటే ఒకే జాతిలోనూ అది మారుతుంటుంది. 1992లో ఎల్‌డ్రిడ్జ్, క్లోజ్ అనే శాస్త్రవేత్తలు తూర్పు తీరపు రాతి వాలబీలను మళ్లీ వర్గీకరించి మరీబా, షార్మన్, కోయెన్ అనే మూడు కొత్త జాతులను వర్ణించారు. వాళ్లకు పెద్ద ఆధారం క్రోమోజోములు, అంటే కణంలో జతలుగా ఉండి జన్యువులను మోసే పోగులు.

ముందు ఆ లెక్క చేద్దాం. రాతి వాలబీల మూల సంఖ్య 22. రెండు వేర్వేరు క్రోమోజోములు అతుక్కుని ఒకటైపోయి, ఆ మార్పు జతలో రెండింటికీ స్థిరపడితే 20 అవుతుంది. గాడ్‌మన్ వాలబీ అనే ఇంకో జాతికి 20, మరీబాకు 18. అయితే షార్మన్‌కూ 20 ఉన్నాయి, అసిమిలిస్ అనే మరో జాతికీ 20 ఉన్నాయి. అంకె రాసుకుని ఊరుకుంటే లాభం లేదు, ఏది దేనితో అతుక్కుందో కూడా చూడాలి.

ఇప్పుడు చిక్కుముడి. ఒక వాలబీ చూడ్డానికి గాడ్‌మన్, క్రోమోజోములూ గాడ్‌మన్‌వే. కణానికి శక్తినిచ్చే మైటోకాండ్రియాకు సొంత డీఎన్ఏ ఉంటుంది, అది తీసి చెట్టు గీస్తే మాత్రం మరీబా కొమ్మ మీద కూర్చుంది! నమూనాలు కలిసిపోయాయేమోనని మొదట అనుమానించండి, అది మంచి అలవాటే. కానీ గాడ్‌మన్ గుంపుల్లో ఇలాంటివి నిజంగానే దొరికాయి.

కారణం ఇదీ. మైటోకాండ్రియా డీఎన్ఏ తల్లి నుంచే వస్తుంది. మనకు ఇంటిపేరు తండ్రి నుంచి వచ్చినట్టు ఇది తల్లి వైపు ఇంటిపేరు అనుకోండి. ఎప్పుడో ఒక మరీబా ఆడది గాడ్‌మన్ మగదానితో జతకట్టింది. ఇలా రెండు జాతులు కలిసి పుట్టిన రాతి వాలబీ సంకరాల్లో మగపిల్లలు సాధారణంగా గొడ్డుబోతాయి, ఆడపిల్లలకు మాత్రం పిల్లలు పుట్టే అవకాశం ఉంటుంది. ఆ కూతురిలో మరీబా వాటా సగం. అది మళ్లీ గాడ్‌మన్ మగదానితో కలిస్తే మనవరాలిలో సగటున పావు వంతు, తర్వాత 1/8. అలా 7వ తరానికి 1/128, అంటే ఒక శాతం కూడా లేదు. మైటోకాండ్రియా మాత్రం తల్లి నుంచి కూతురికి చెక్కు చెదరకుండా దిగుతూనే ఉంటుంది. ఇంటిపేరు కస్తూరివారు, ఇంట్లో గబ్బిలాల కంపు అన్న సామెత వీటికి అతికినట్టు సరిపోతుంది.

కాబట్టి మన వాలబీని గాడ్‌మన్ అనే రాసుకుందాం, పక్కన ‘మైటోకాండ్రియా మరీబాది’ అని గుర్తు పెడదాం. ఆ రెండో మాట కొట్టేయకండి, పాత కలయిక జాడ అందులోనే ఉంది. ఒక్క మైటోకాండ్రియా చెట్టు చూసి జాతి పేరు ఖాయం చేసేవాళ్లంటే నాకు కాస్త చిరాకు. క్రోమోజోములుండే కణ కేంద్రకంలోని జన్యువులను కనీసం కొన్నింటినైనా, విడివిడి క్రోమోజోముల నుంచి తీసి చూడాలి. ఆ పని వచ్చే పాఠంలో.

ఈలోగా ఒక లెక్క. మరీబా, గాడ్‌మన్ సరిహద్దులో దొరికిన ఒక వాలబీకి 19 క్రోమోజోములున్నాయి, మైటోకాండ్రియా మరీబాది. 19 ఎలా వచ్చిందో తేల్చడం సులువే: 9 ఒకరి నుంచి, 10 ఇంకొకరి నుంచి. మరి దాని తల్లి మరీబాయేనని ఒట్టేసి చెప్పగలరా?