చురుకైన గంటలకు బరువైన పని: కాలాన్నీ ఓపికనూ కలిపి లెక్కవేసుకోవడం ఎలా

రోజుకు 24 గంటలున్నా అవన్నీ ఒకే బరువును మోయవు. తెల్లవారి లేచాక అరగంటలో తేలిపోయే లెక్క, అదే మనిషికి మధ్యాహ్నం మూడింటికి గంటన్నర కూర్చున్నా తెగకపోవచ్చు. ఎంతో శ్రద్ధగా వేసుకున్న దినచర్య పట్టికలు వారం తిరగకుండానే మూలపడటానికి ఇదే ప్రధాన కారణమని నేను నమ్ముతాను. ఆ పట్టికల్లో ప్రతి పనికీ గడియారంలో చోటు ఉంటుంది గాని, ఆ వేళకు మనలో ఎంత ఓపిక మిగిలి ఉంటుందన్న లెక్క ఉండదు. అందువల్ల పనులను గంటలకు పంచే ముందు, మన ఓపిక ఏ వేళ పెరుగుతుందో, ఏ వేళ తగ్గుతుందో తెలుసుకోవాలి.

అందుకు ఒక వారం చాలు. చిన్న నోటుబుక్కు దగ్గర ఉంచుకుని, మెలకువగా ఉన్నంతసేపూ రెండు గంటలకోసారి రెండే విషయాలు రాయండి: ఇప్పటిదాకా చేసిన పని ఏమిటి, ఈ క్షణాన చురుకుదనం 1 నుంచి 5 వరకు ఎంత. రాత్రి పడుకునే ముందు రోజంతా గుర్తుచేసుకుని రాస్తే, జరిగింది కాక జరిగిందనుకున్నది కాగితం మీదికి వస్తుంది కాబట్టి, ఏ పూటకు ఆ పూటే రాయడం ముఖ్యం. సెలవు రోజును కూడా వదలవద్దు. ఏడు రోజులయ్యాక అంకెలను పక్కపక్కన పెట్టి చూస్తే, 4, 5 తరచుగా పడిన వేళలు వాటంతట అవే బయటపడతాయి. నేను మొదటిసారి ఇలా రాసినప్పుడు, నాకున్న రెండు మంచి గంటలూ మెయిళ్లకు జవాబులివ్వడంలోనే గడిచిపోతున్నాయని తెలిసింది. ఆ తరువాత నా పనివేళల్లో చేసిన మార్పులన్నిటికీ ఆ ఒక్క వారపు కాగితమే ఆధారం.

చాలామందికి మధ్యాహ్నం మందకొడిగా ఉంటుంది. దానికి భోజనాన్నే కారణంగా చెబుతుంటాం గాని, శరీరంలో సుమారు 24 గంటలకోసారి తిరిగే జీవగడియారానికీ అందులో పాత్ర ఉంది. ఆ గడియారం కణాల్లో ఎలా నడుస్తుందో కనిపెట్టినందుకు జెఫ్రీ హాల్, మైఖేల్ రోస్‌బాష్, మైఖేల్ యంగ్‌లకు 2017లో నోబెల్ బహుమతి లభించింది. అది అందరిలో ఒకేలా నడవదు. జన్యువులను బట్టీ, వయసును బట్టీ మారుతుంది, కౌమారంలో ఆలస్యంగా నడుస్తుంది. కనుక రాత్రివేళ చురుగ్గా ఉండేవారు తెల్లవారుజామునే లేవలేకపోతున్నందుకు తమను తాము నిందించుకోనక్కరలేదు.

ఇక పనుల సంగతి. ఆలోచించవలసినవి, రాయవలసినవి, నేర్చుకోవలసినవి, నిర్ణయం తీసుకోవలసినవి బరువైనవి. జవాబులివ్వడం, ఫారాలు నింపడం, సర్దుకోవడం వంటివి తేలికైనవి. రోజుకు ఒక బరువైన పనిని, మరీ అవసరమైతే రెండింటిని, మీ మంచి గంటల్లో పెట్టి, తేలికైనవాటిని మందకొడి వేళకు నెట్టండి. ఉద్యోగం వల్లనో, పసిపిల్లల వల్లనో మంచి గంటలు మీ చేతిలో లేకపోతే, అందులో 40 నిమిషాలైనా మిగుల్చుకోండి. రోజూ దక్కే 40 నిమిషాలు, ఎప్పుడో దొరుకుతుందనుకునే ఖాళీ రోజు కన్నా ఎక్కువ పని చేసిపెడతాయి. ఆ పనిని చిట్టాలో ‘నివేదిక’ అని ఒక్క మాటగా రాయకుండా, ‘గిన్నెలు కడగడం అయిపోగానే కిటికీ పక్క బల్ల దగ్గర కూర్చుని నివేదిక రెండో భాగం మొదలుపెడతాను’ అని పూర్తి వాక్యంగా రాయండి. ఎప్పుడు, ఎక్కడ, ఏది అని ముందే నిశ్చయించుకున్నవారు అనుకున్న పనిని నెరవేర్చే అవకాశం ఎక్కువని పీటర్ గోల్విట్జర్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త చూపారు.

ఏ పనికి ఎంతసేపు పడుతుందో మనం దాదాపు ఎప్పుడూ తక్కువగానే అంచనా వేస్తాం. డేనియల్ కానమన్, అమోస్ ట్వెర్‌స్కీ అనే మనస్తత్వ శాస్త్రవేత్తలు 1979లో ఈ పొరపాటును వివరించారు. ఇదివరకు అలాంటి పనికి నిజంగా ఎంతసేపు పట్టిందో చూడకుండా, ఈసారి అంతా సాఫీగా సాగుతుందని ఊహించడం వల్ల ఇది జరుగుతుంది. కాబట్టి ప్రతి పని పక్కనా అంచనానూ, అసలు పట్టిన సమయాన్నీ రాసుకుంటూ పోండి. పది పనులయ్యేసరికి మీ అంచనా ఎంత తప్పుతోందో తెలుస్తుంది. అప్పటిదాకా గంట అనుకున్నదానికి గంటన్నర కేటాయించండి.

ఒక పని మధ్యలో వదిలి మరొకటి అందుకున్నప్పుడు మనసులో కొంత భాగం పాత పని దగ్గరే ఉండిపోతుందని సోఫీ లెరాయ్ 2009లో ప్రచురించిన పరిశోధనలో తేలింది. దీనికి సులువైన ఉపాయం ఉంది: లేవబోయే ముందు ఎక్కడ ఆపారో, తిరిగి వచ్చాక మొదట ఏం చేయాలో ఒక్క వాక్యం రాసిపెట్టండి. మంచి గంటల్లో ఫోను వేరే గదిలో ఉండాలి. సందేశాలను రోజుకు రెండు మూడు నిర్ణీత వేళల్లో చూసుకుంటే చాలా ఉద్యోగాల్లో సరిపోతుంది.

విరామం విషయంలో, 25 నిమిషాల పని, 5 నిమిషాల విశ్రాంతి అన్న పొమొడోరో పద్ధతి ప్రసిద్ధం. దీన్ని 1980ల చివర ఫ్రాన్సెస్కో సిరిల్లో రూపొందించారు. వాయిదా వేసే అలవాటు ఉన్నవారికి ఇది మేలు చేస్తుంది గాని, పనిలో మనసు కుదరడానికే 20 నిమిషాలు పట్టేవారు 50 నిమిషాల దాకా సాగించడం మంచిది. లేచి నాలుగడుగులు వేయడం, దూరంగా ఉన్నదాన్ని చూడడం విశ్రాంతి. ఫోను తెర చూస్తూ కూర్చుంటే కళ్లకూ మనసుకూ పని తగ్గదు.

వీటన్నిటికీ పునాది నిద్ర. పెద్దలకు రాత్రికి కనీసం 7 గంటల నిద్ర కావాలి; లేచే వేళ రోజూ ఒకటే అయితే, లేవగానే కాసేపు పగటి వెలుతురులో ఉంటే, జీవగడియారం స్థిరపడుతుంది. శరీరంలో చేరిన కెఫీన్ సగానికి తగ్గడానికి సుమారు 5 గంటలు పడుతుంది కనుక, సాయంత్రం ఐదింటికి తాగిన కాఫీలోని కెఫీన్ రాత్రి పదింటికి కూడా సగం మిగిలే ఉంటుంది. పగటి కునుకును 20 నిమిషాలకు మించనివ్వకండి. అంతకన్నా ఎక్కువైతే గాఢనిద్రలోకి జారి, లేచాక మత్తు వదలడానికి సమయం పడుతుంది.

ఓపిక లేని రోజుల కోసం మూడు నాలుగు తేలికైన పనులతో వేరే చిట్టా సిద్ధంగా ఉంచుకోండి. పని వేళలు గాని, ఇంటి బాధ్యతలు గాని మారినప్పుడు ఆ వారపు లెక్కను మళ్లీ మొదటినుంచి రాయండి. నిద్ర సరిపోతున్నా అంకెలు వారాల తరబడి 2 దాటకపోతే, పట్టికను దిద్దుకుంటూ కాలయాపన చేయకుండా వైద్యుణ్ణి కలవండి. రక్తహీనత, థైరాయిడ్ లోపం, కుంగుబాటు వంటివి మొదట ఇలా అలసటగానే కనిపించవచ్చు. ఆ నోటుబుక్కును వెంట తీసుకెళ్తే, ఎన్నాళ్లుగా, ఏ వేళల్లో అన్న వైద్యుని ప్రశ్నలకు జవాబులు అందులోనే ఉంటాయి.