పాస్‌వర్డ్ పేజీలను ప్రాక్సీలో దాచే ముందు

అమలాపురంలో మా ల్యాబులో ఇరవై కంప్యూటర్లకు ఒకటే లైను. పిల్లలందరూ ఒకే పాఠాన్ని ఎవరి పాస్‌వర్డుతో వారు దించుకుంటారు. కంప్యూటర్లకూ ఇంటర్నెట్‌కూ మధ్య నిలబడి పేజీలు తెచ్చిపెట్టే స్క్విడ్ అనే ప్రాక్సీ ప్రోగ్రాములో ఒక ప్రతి దాచితే పోదా అనిపిస్తుంది. తూము ఎత్తే ముందు దిగువ చేల గట్లు చూసుకోవద్దూ?

• ఆ పేజీ అందరికీ ఒకేలా వస్తుందా? పాఠాలైతే సరే. మార్కులు, ఫీజు బకాయిలు వద్దు. నిరుడు ఒక అమ్మాయి తన మార్కులు తెరిస్తే పక్క కుర్చీ అబ్బాయివి వచ్చాయి. ఇది ఒక్కరికే, ఉమ్మడిగా దాచొద్దు అని సర్వరు పంపే 'ప్రైవేట్' సూచనను పట్టించుకోవద్దని ప్రాక్సీకి రాసిపెట్టింది నేనే.

• ఆథరైజేషన్ హెడరుతో (పాస్‌వర్డును మోసుకెళ్లే వరుసతో) అడిగినదాని జవాబును ఉమ్మడి క్యాష్, అంటే మన ప్రాక్సీలాంటి అందరి నిల్వ, దాచుకోకూడదు. సర్వరు 'పబ్లిక్', 'మస్ట్-రీవ్యాలిడేట్', 'ఎస్-మ్యాక్స్‌ఏజ్' అనే సూచనలలో ఒకటి పంపితేనే మినహాయింపు. 2022 నాటి ఇంటర్నెట్ ప్రమాణ పత్రం ఆర్‌ఎఫ్‌సీ 9111 చెప్పేది ఇదే. అంటే ముందు సరిచేయాల్సింది సర్వరును. 'పబ్లిక్'తో పాటు 'నో-క్యాష్' కూడా పెట్టించండి. పేరు చూసి కంగారు పడకండి: దాచుకో, కానీ ఇచ్చే ప్రతిసారీ నన్ను అడుగు అని దాని అర్థం. సర్వరు పాస్‌వర్డ్ చూసి 304 (నీ దగ్గరున్న ప్రతి మారలేదు) అంటుంది. బరువైన ఫైలు మాత్రం ఇక్కడి డిస్కు నుంచే వస్తుంది.

• సైటు ఆ హెడరుతో కాక లాగిన్ కుకీతో (బ్రౌజరు దాచుకునే గుర్తింపు చీటీతో) నడిస్తే ఈ రక్షణ ఉండదు. అలాంటివి నేనైతే ముట్టుకోను.

• సైటు హెచ్‌టీటీపీఎస్ (దారిలో ఎవరూ చదవలేని గుప్త మార్గం) అయితే మామూలు ప్రాక్సీకి లోపలిదేమీ కనపడదు, దాచడానికీ ఉండదు.

• పాత సెట్టింగుల ఫైలుకు నకలు తీసుకోండి.

• మార్చిన వెంటనే, ఒకరు తెరిచిన పాఠాన్నే తప్పు పాస్‌వర్డుతో అడగండి. 401 (పాస్‌వర్డ్ చెల్లదు) రావాలి. పాఠం తెరుచుకుంటే ప్రాక్సీ ఆపి, క్యాష్ తుడిచేయండి.